సున్నపుగుండు మీద ఎర్ర రంగు

భాగస్వామ్యం అనే మాట ఎవరైనా వేదిక మీద పలికితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నా ఉద్యోగమంతా ఆ మాట మీదే సాగింది మరి. డెబ్బైల చివర విశాఖపట్నంలో ఒక ప్రభుత్వ విభాగంలో కమ్యూనిటీ ఆర్గనైజర్‌గా చేరాను. పేటలకూ పల్లెలకూ వెళ్ళి, "మీరూ ఒక చెయ్యి వేయండి, అందరం కలిసి కట్టుకుందాం" అని జనాన్ని ఒప్పించడం నా పని. బీచి దగ్గర మెట్లు, కొండ మీద మండపాలు, పిల్లలకు జారుడుబల్లలు, నీడకు చెట్లు. పోర్టు వల్లా ఉక్కు పనుల వల్లా ఊరికి కొత్త జనం వచ్చి పడుతున్నారు, వాళ్ళకు ఆదివారం పూట చూడటానికి నాలుగు చోట్లుండాలి, ఆ వచ్చేవాళ్ళ వల్ల చుట్టుపక్కల ఇళ్ళలో పొయ్యి కాస్త బాగా వెలగాలి. ఇదీ పైవాళ్ళ ఆలోచన. ఆలోచనలో తప్పేమీ లేదు. ఈ మాట ముందే రాస్తున్నాను, ముసలిదానికి అన్నీ చేదుగానే ఉంటాయని మీరు అనుకోకుండా.

ప్రమోషన్లూ ఫైళ్ళూ వదిలేస్తున్నాను. అవి ఎవరికైనా ఒకటే. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. దాన్ని ఏ ట్రైనింగులోనూ చెప్పరు, చెప్పవలసినవాళ్ళకే తెలియదు కాబట్టి.

ఒప్పించే పని

ఈ ఉద్యోగానికి చదువుకంటే కూర్చునే ఓపిక ముఖ్యం. ఏ పేటకు వెళ్ళినా మొదట్లో మీ మాట ఎవరూ వినరు. "మల్లీ ఒచ్చీసినారేటమ్మా" అంటారు. తర్వాత్తర్వాత మంచినీళ్ళిస్తారు. ఆ పైన వాళ్ళ ఇళ్ళలో గొడవలన్నీ తెచ్చి మీ నెత్తిన పెడతారు. అప్పుడు మీ పని మొదలైందని లెక్క.

నా మొదటి ఆఫీసరు మంచివాడు. జనం ఏదైనా అడిగితే ముందు నా వైపు తిరిగి, "ఇది మనవల్ల అవుతుందా సుగుణా?" అని అడిగేవాడు. కాదంటే మాటిచ్చేవాడు కాదు. అందుకని ఆయనకు పెద్దగా పేరు రాలేదు. ఆయన బదిలీ అయ్యాక వచ్చినాయన అందరికీ అన్నీ ఇస్తానన్నాడు. ఆఫీసులో ఆయన్ని పెద్దసారు అనేవాళ్ళం. మనిషి ఎర్రగా బుర్రగా ఉండేవాడు, ఇస్త్రీ నలగని చొక్కా, ఎప్పుడూ నవ్వుముఖం. లంచగొండి కాదు. ఈ సంగతి మీరు గుర్తు పెట్టుకోవాలి. ఒక్క పైసా తినకుండా కూడా మనుషుల కొంప ముంచవచ్చు.

తాడు పట్టిన మనిషి

రుషికొండ దాటాక, భీమిలి దారిలో ఒక చేపల ఊరుంది. పేరు రాయను. ఆ ఊరివాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు, వాళ్ళ గుమ్మాల ముందుకు మళ్ళీ ఎవరో కెమెరాలు పట్టుకుని పోవడం నాకిష్టం లేదు. సముద్రం, ఒడ్డున ఊరు, ఊరి వెనక రోడ్డు, రోడ్డుకు ఆ పక్క ఎర్రమట్టి కొండ. కొండ కొమ్మున సముద్రం వైపు చూస్తున్నట్టు ఒక పెద్ద గుండు. ఏటా వానలకు ముందు ఊరి ఆడవాళ్ళు గుల్లలు కాల్చి సున్నం చేసి, గంపలతో పైకి మోసి ఆ గుండుకు పూస్తారు. దాన్ని సున్నపుగుండు అంటారు.

ఆ సున్నం ఎందుకో పోలమ్మ నాకు చెప్పింది. పోలమ్మ తగరపువలస సంతకు చేపలు తీసుకెళ్ళి అమ్ముకునే మనిషి. నోరు గట్టిది, ఊళ్ళో ఆడవాళ్ళంతా ఆమె వెనకే ఉంటారు.

"ఒడ్డుకాడ నీల్లల్లో రాల్లున్నాయి సుగుణమ్మా. రాల్ల మద్దిన ఒకటే సందు. గుండునీ, ఈ జంట తాటిసెట్లనీ ఒక వరసలో ఎట్టుకుని ఒచ్చినోడు ఇంటికొత్తాడు. ఎండ కాత్తే మావోల్లకి సానా గురుతులుంతాయి. వాన పట్టీసిందంటే ఆ తెలుపొకటే అగుపిత్తాది."

ఆ కొండ మీదే మండపం కట్టాలని మా ఆఫీసు నిర్ణయించింది. పైకి మెట్లు, పైన కూర్చోవడానికి చోటు, కింద ఊరివాళ్ళు నడుపుకునే కొట్లు. సిమెంటు మాది. ఇనుప దూలాలు ఒక కాంట్రాక్టరు ఇచ్చాడు. బెంచీలూ గొడుగులూ ఒక కూల్‌డ్రింకు కంపెనీ ఇస్తానంది. కష్టం ఊరివాళ్ళది. పోలమ్మా వాళ్ళూ కూలి అడగలేదు. కొట్ల గురించి కూడా పట్టుబట్టలేదు. ఒకే ఒక్క మాట అడిగారు. గుండు జోలికి ఎవరూ రాకూడదు.

ఇక్కడ మీకు పెద్దవల సంగతి చెప్పాలి. పడవ మీద వెళ్ళి వలను సముద్రంలో చుట్టూ వేసి, రెండు కొసల తాళ్ళు ఒడ్డుకు తెస్తారు. వాటిని ఊరంతా నిలబడి లాగుతుంది. ఆ సమయానికి అటుగా పోతున్నవాడు ఎవడైనా సరే, ఏ కులంవాడైనా, ఏ ఊరివాడైనా, తాడు పట్టుకున్నాడంటే అతనికి చేపల్లో వాటా ఉంటుంది. కాదనడానికి లేదు. వల చిరిగితే అతనూ కూర్చుని బాగుచేయాలి. మధ్యలో పోవాలనుకుంటే పోవచ్చు, కాని గట్టిగా "ఒగ్గీసినాను" అని చెప్పి పోవాలి. ఒగ్గీయడమంటే వదిలేయడం. ఆ కేక వినగానే వెనకవాడు బరువు కాచుకుంటాడు. చెప్పకుండా వదిలితే వెనకున్నవాళ్ళు పడిపోతారు. నేనూ రెండు మూడుసార్లు పట్టాను. నాకిచ్చిన చేపలు తీసుకెళ్తే మా అమ్మ, "చర్చికి రమ్మంటే తీరదు గాని సముద్రం లాగడానికి తీరుతుంది" అని దెప్పింది.

దూలాలు కొండ మీదికి లాగిన రోజు ఊరు అదే పెద్దవల తాడు తెచ్చింది. ఆడా మగా అందరూ పట్టారు, నేనూ పట్టాను. పెద్దసారు జీపు దిగాడు, వెంట పేపరు ఫొటోగ్రాఫరు. ఆయన చొక్కా చేతులు మడిచి వరసలో ముందుకొచ్చి తాడు పట్టుకున్నాడు. ఊరంతా ఒక్కసారిగా ఈల వేసింది. పోలమ్మ ఆయన పక్కకొచ్చి, "సారూ, గుండు జోలికెల్లకూడదు. మాటియ్యాల" అంది. "అలాగేనమ్మా, అలాగే" అన్నాడాయన, కెమెరా వైపు చూస్తూ. ఫొటో అయిపోయింది. తాడు చేతుల్లోంచి జారవిడిచి వాచీ చూసుకున్నాడు. వెనకున్న నలుగురు మోకాళ్ళ మీద పడ్డారు. ఒకతని మోకాలు చీరుకుపోయింది. అతనే నవ్వి, "ఆయనకి అలవాటు నేదు గదా, పోన్లే" అన్నాడు.

ఊరివాళ్ళ లెక్క వేరే. ఆయన తాడు పట్టాడు. వదిలేశానని చెప్పలేదు. కాబట్టి ఇంకా పట్టుకునే ఉన్నాడు, ఇచ్చిన మాట కూడా ఉంది. ఈ లెక్క ఎంత ప్రమాదమో నాకు అప్పుడు తట్టలేదు, వాళ్ళకైతే ఇంకో లెక్క ఉంటుందనే తెలియదు.

రంగు

మండపం బాగా వచ్చింది. అబద్ధం ఎందుకు, అక్కడ నిలబడితే కడుపు నిండినట్టుండేది. ప్రారంభోత్సవానికి కొద్ది రోజుల ముందు నేను వెళ్ళేసరికి గుండుకు నిచ్చెనలు వేసి ఉన్నాయి. గుండంతా ఎర్ర రంగు, దాని మీద తెల్లగా కంపెనీ పేరు, కింద స్వాగతం. రోడ్డు మీద బస్సులో పోయేవాళ్ళకు కనపడాలని పేరును సముద్రం వైపు ముఖానికే రాశారు. ఎర్రమట్టి కొండ మీద ఎర్ర గుండు.

ఆ నిమిషానే వెనక్కి తిరిగి, మద్దిలపాలెంలో బస్సు మారి ఆఫీసుకు వచ్చి పడ్డాను.

"సార్, మీరు మాటిచ్చారు."

"ఎవరికి? నేనెక్కడా సంతకం చేయలేదే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. "కంపెనీవాళ్ళు బెంచీలు ఊరికే ఇస్తారా సుగుణా? వాళ్ళకూ ఏదో ఒకటి కావాలి కదా. వాళ్ళూ పార్టనర్సే."

"ఆ తెలుపు చూసుకుని తెప్పలు ఒడ్డుకొస్తాయి సార్. మనుషులు పోతారు."

"కొండంతా గుండ్లేగా. ఇంకోదానికి సున్నం వేసుకోమను."

ఇంకో గుండు జంట తాటిచెట్లతో వరసలో ఎలా వస్తుందని బొమ్మ గీసి చూపించాను. కాగితం వైపు చూడలేదు. గోడకు చెప్పుకున్నా ప్రతిధ్వని వచ్చేది. నేను పై ఆఫీసుకు వెళ్ళాను, కంపెనీ మేనేజరు దగ్గరికి వెళ్ళాను. ప్రారంభోత్సవం కానివ్వండి చూద్దాం అన్నారు అందరూ. ఈ "చూద్దాం" అనే మాటతో ఈ దేశంలో ఎంతమంది చచ్చారో ఎవరూ లెక్క తీయలేదు.

ఊరివాళ్ళు గొడవ చేస్తే బాగుండేది. చేయలేదు. నేను వెళ్ళి, "రండి, అందరం వెళ్ళి అడ్డం కూర్చుందాం" అంటే పోలమ్మ నన్నే సముదాయించింది.

"ఆయన మనతో తాడు పట్టినోడు గదా. మరిసిపోయుంతాడు. పెద్దోల్లకి పనులెక్కువ. ఒకపాలి గురుతు సేత్తే ఆయనే తుడిపించేత్తాడు."

పోలమ్మ భర్త నూకరాజు కూడా అదే మాట అన్నాడు. "తొందరపడకు సుగుణమ్మా. ఆయన ఒగ్గీసినానని అన్నేదు గదేటి" అన్నాడు. పొడుగ్గా, మెల్లగా మాట్లాడే మనిషి. నేను ఎంత మొత్తుకున్నా వాళ్ళు ప్రారంభోత్సవానికి కొత్త బట్టలు కట్టుకుని వచ్చి, పెద్దసారు మెడలో దండ వేశారు. ఆయన మైకులో భాగస్వామ్యం గురించి మాట్లాడాడు. తాడు పట్టుకున్న ఫొటోను పెద్దది చేయించి మండపంలో కట్టారు.

ఆ తర్వాత ఆడవాళ్ళు అలవాటు ప్రకారం సున్నం మోసుకుపోయి ఆ ఎర్ర రంగు మీదే పూశారు. నూనె రంగు మీద సున్నం పట్టదు. మొదటి జల్లుకే మొత్తం కారిపోయింది, కంపెనీ పేరు కడిగినట్టు మెరిసింది.

వాన పట్టిన రోజు

నూకరాజూ, పోలమ్మ తమ్ముడు అప్పన్నా తెప్ప మీద వేటకు వెళ్ళారు. మధ్యాహ్నం దాటాక వాన పట్టింది. అప్పన్న ఈదుకుంటూ ఒడ్డుకు వచ్చాడు. నూకరాజు రాలేదు. మర్నాడు భీమిలి వైపు ఒడ్డున దొరికాడు.

నేను వెళ్ళేసరికి అప్పన్న ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళంతా రాళ్ళ మీద గీరుకుపోయింది. ఎవరూ అడక్కుండానే చెప్పాడు.

"బావ తెప్ప మీద లేసి నిలబడి సూత్తన్నాడు. కొండ అగుపడింది. గుండు అగుపడనేదు. 'ఇక్కడేనేటిరా?' అని నన్నడిగినాడు. బావెప్పుడూ నన్నడగడు, నానే బావనడుగుతాను. నాకేటి తెలుసు? అవునన్నాను. అంతే, కెరటం ఎత్తీసింది."

ఆ అవును అన్న మాటను అతను బతికినన్నాళ్ళూ మోశాడు. మోయవలసినవాడు ఫ్యాను కింద కూర్చుని ఇంకో కొండ మీద ఇంకో మండపానికి ప్లాను గీయిస్తున్నాడు.

వరండాలో

దినాలు అయ్యాక పోలమ్మా, మరికొందరు ఆడవాళ్ళూ బస్సెక్కి మా ఆఫీసుకు వచ్చారు. పొద్దుటి నుంచీ వరండాలో కూర్చున్నారు. ప్యూను చేపల వాసన అని ముక్కు మూసుకుంటే వాణ్ణి నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. చివరికి పెద్దసారు బయటికి వచ్చాడు.

"నష్టపరిహారమైతే కలెక్టరాఫీసులో అర్జీ పెట్టుకోవాలమ్మా. మా చేతుల్లో లేదు" అన్నాడు.

పోలమ్మ లేచి నిలబడింది. "మాకు డబ్బులొద్దు సారూ. ఒగ్గీసినానని ఒక్కమాట సెప్పు. మేం ఎల్లిపోతాం."

ఆయన నా వైపు తిరిగి, "ఏమిటంటుంది?" అన్నాడు. ఆయనది మన జిల్లా కాదు గాని, ఆయనదీ తెలుగే. విడమరిచి చెప్పాను. తాడు పట్టినవాడు వదిలేస్తే నోరు తెరిచి చెప్పాలి, మీరు చెప్పలేదు, మీరు ఇంకా పట్టుకున్నారని నమ్మి వీళ్ళు రంగు తుడవకుండా ఆగారు, నమ్మినందుకు ఈమె మొగుడు పోయాడు. ఇప్పటికైనా వదిలేశానని చెబితే ఇక మీ మీద బరువు వేయకుండా తమ పని తాము చూసుకుంటారు.

"నాన్సెన్స్" అన్నాడు ఇంగ్లీషులో. తర్వాత తెలుగులో, "మేం ఎప్పుడూ మీతోనే ఉంటామమ్మా" అన్నాడు. లోపలికి వెళ్ళిపోయాడు.

నాకు ఆ రోజు నూకరాజు చావును ఆయన తేలిగ్గా తీసుకున్నందుకు వచ్చిన కోపం కంటే ఆ చివరి మాటకు వచ్చిన కోపం పెద్దది. మేం ఎప్పుడూ మీతోనే ఉంటాం. పిల్లలూ, ఈ మాట మీ నోట ఎప్పుడూ రానివ్వకండి. మీకు బదిలీ అవుతుంది, బడ్జెట్టు అయిపోతుంది, పైవాడు మారతాడు, మీకే విసుగు పుడుతుంది. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఆ రోజు వెళ్ళి, నలుగురికీ వినపడేలా, మేం వదిలేస్తున్నాం, బరువు కాచుకోండి అని చెప్పండి. తిడితే తిట్టించుకోండి. మన విభాగాల్లో అందరికీ కొబ్బరికాయ కొట్టడం వచ్చు, ఈ ఒక్క మాట చెప్పడం ఎవరికీ రాదు. చెప్పకుండా చేతులు దులుపుకుని పోతారు, వెనక ఎవరు పడ్డారో తిరిగి చూడరు.

పోలమ్మ కొంగు దులుపుకుని, "పదండే" అంది. ఆడవాళ్ళు మర్నాడే కొండెక్కారు. చేపలు కోసే కత్తులతో, ఇసకతో, కొబ్బరిపీచుతో ఎర్ర రంగును గీకడం మొదలుపెట్టారు. రోజుల తరబడి గీకారు. ప్రభుత్వ ఆస్తి పాడు చేస్తున్నారని ఫిర్యాదు వెళ్ళింది. పోలీసు జీపు వచ్చింది. ఎస్సై నన్ను చూసి, "వీళ్ళలో ఎవరు మొదలెట్టారో చూపించండి మేడమ్" అన్నాడు. "అందరూను. నా పేరు కూడా రాసుకోండి" అన్నాను. ఆయన గుండు వైపు, సముద్రం వైపు కాసేపు చూసి, ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. కేసు అక్కడే ఆగింది.

గేటు

ఇంతటితో అయిపోయుంటే నేను ఈ కథ రాసేదాన్ని కాదేమో.

గుండు మళ్ళీ తెల్లబడింది. మరుసటి చలికాలం ఢిల్లీ నుంచి పర్యాటక శాఖవాళ్ళెవరో వచ్చి మండపంలో నిలబడి, అబ్బ, ఈ తెల్ల గుండు ఎంత బాగుంది, దీని కథేమిటి అని అడిగారు. పెద్దసారు చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. మత్స్యకారుల సంప్రదాయాన్ని మేము ఎలా కాపాడామంటే, అని మొదలుపెట్టాడు. నూకరాజు పేరు లేదు. ఎర్ర రంగు లేదు. ఆడవాళ్ళ అరచేతులు పగిలిపోయిన సంగతి లేదు. వచ్చినవాళ్ళు ముచ్చటపడి ఇంకొన్ని నిధులు రాయించారు. వాటితో గుండు చుట్టూ తోట వేశారు, మెట్ల మొదట్లో గేటు పెట్టారు, టికెట్టు పెట్టారు. ఊరివాళ్ళకిస్తానన్న కొట్లు పట్నంవాళ్ళు వేలంలో పాడుకున్నారు.

వానలకు ముందు సున్నం వేసే రోజు వచ్చింది. నన్ను రమ్మని పోలమ్మ కబురు పంపింది. నేను వెళ్ళేసరికి ఆడవాళ్ళంతా తడి సున్నం గంపలతో గేటు దగ్గర ఎండలో నిలబడి ఉన్నారు. గేటు దగ్గర వాచ్‌మన్ తల దించుకుని ఉన్నాడు.

"టికెట్టు నేకుండా ఎవల్నీ పంపొద్దన్నారమ్మా. ఆర్డరు. నన్నేటి సెయ్యమంతారు?" అన్నాడు.

వాడిమీద అరిచి ప్రయోజనం లేదు. అయినా అరిచాను. పోలమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"సుగుణమ్మా, ఆ రోజు నువ్వూ తాడు పట్టినావు గదా. ఒగ్గీసినావేటి?"

నిష్ఠూరంగా అనలేదు. తెలుసుకోవాలని అడిగింది. నేను వదిలేశానంటే సరేనని గంప ఎత్తుకుని తనే ఇంకో దారి చూసుకునేది.

"ఒగ్గలేదు" అన్నాను.

ఆమె నెత్తి మీది గంప దించి నా నెత్తిన పెట్టుకున్నాను. సున్నం నీళ్ళు మెడ మీదుగా కారి జాకెట్టులోకి పోయాయి, చర్మం మండిపోయింది. ఎడమ చేత్తో గేటు తోశాను. వాచ్‌మన్ పక్కకు తప్పుకున్నాడు. నా వెనక ఆడవాళ్ళంతా మెట్లెక్కారు, ఒక్కరూ టికెట్టు కొనలేదు.

పైన ఆదివారం జనం కిటకిటలాడుతున్నారు. పోలమ్మ చీర ఎగ్గట్టి గుండు మీదికెక్కి కుంచె ముంచింది. మిగతావాళ్ళు కింద నుంచి మొదలుపెట్టారు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్న ఒకాయన మెడలో కెమెరాతో నా దగ్గరికి వచ్చి, నన్ను ఆఫీసరుగా పోల్చుకుని, చాలా మర్యాదగా అడిగాడు.

"మేడమ్, ఈ ఆడవాళ్ళని కాసేపు పక్కకు జరగమంటారా? గుండుకు అడ్డం వస్తున్నారు. ఫొటో బాగా రావడం లేదు."

"కుంచె పట్టుకో, లేకపోతే కిందికి దిగు" అన్నాను.

దిగిపోయాడు.